లేత రెల్లు

సువర్చల చీటీల పుస్తకంలో నేను నాలుగు వేలకు పైగా చీటీలు రాశాను. వాటిలో ఒక్క మాట తప్పు. ఆ ఒక్క మాట రెండు వందల పద్నాలుగు చోట్ల ఉంది.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. నా భార్య సువర్చల చెరువుల్లో పెరిగే రెల్లు మీద పరిశోధన చేసేది. హైదరాబాదు చుట్టూ మిగిలిన డెబ్బై రెండు చెరువుల్లోనూ ఉన్నది ఒకే జాతి రెల్లు. అయినా ఒక చెరువు రెల్లు మరో చెరువు రెల్లులా ఉండదు. ఒకచోట ఇంటి కప్పును మించి పెరుగుతుంది, ఇంకోచోట నడుము దాటదు. ఒకచోట కాడ బొటనవేలంత లావు, ఇంకోచోట పెన్సిలంత. ఆకు అడుగున నూగు ఉండేది ఒకటి, కణుపు దగ్గర నల్లగా తిరిగేది ఒకటి. కొన్ని మురుగులోనే బాగుంటాయి. కొన్ని రంగుల ఫ్యాక్టరీ నీళ్లు తగిలినా చావవు. ఈ తేడాల్లో నీటిని బట్టి వచ్చింది ఏది, పుట్టుకతో వచ్చింది ఏది అని తేల్చడమే ఆమె పని. అందుకోసం ప్రతి చెరువులో ప్రతి మూల నుంచీ కాడలు కోసి, కొలిచి, చీటీ కట్టి, ప్రయోగశాలకు పంపాలి.

సువర్చల దస్తూరి ఆమెకే అర్థమయ్యేది కాదు. అందుకని చీటీలు రాసే పని నాకు వచ్చింది. మూడేళ్లపాటు మా ఆదివారాలన్నీ చెరువు గట్ల మీదే గడిచాయి. ఆమె ప్లాస్టిక్ పడవలో వెళ్లి కాడలు కోసి తెచ్చేది. నేను గట్టు మీద కూర్చుని చీటీ రాసి, దాని నకలు పుస్తకంలో ఎక్కించేవాణ్ణి.

చీటీలో మొదటి గడి స్థానికంగా పిలిచే పేరు. ఆ గడి పెట్టించింది సువర్చలే. "తడకలు అల్లేవాళ్లు కాడను తడిమి రకం చెప్పేస్తారు. మాకు అదే సంగతి తేల్చడానికి వారం పడుతుంది. వాళ్ల పేరును బట్టే ముందు కట్టలు విడదీద్దాం" అనేది.

ఆ పేర్లు చెప్పింది బుచ్చవ్వ. జంగమ్మకుంట గట్టు కింద ఆమె ఇల్లు. డెబ్బై ఏళ్లుంటాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ రెల్లు కోసి తడకలు అల్లిన మనిషి. చుట్టుపక్కల ఏ చెరువుకు పిలిచినా కొడవలి పట్టుకుని వచ్చేది. చదువు రాదు.

"ఇది?" అని కాడ చూపించేవాణ్ణి.

"ఏనుగు రెల్లు సారూ. పందిట్లకు పనికొస్తది, తడకకు కాదు. ఒంచితె ఇరుగుతది."

"ఇది?"

"సూది రెల్లు. పైలం, చెయ్యి కోస్కపోతది. చెయ్యి తెగితె రేపు బడిల పోరగాండ్లను దేంతోని కొడ్తవ్?"

"నేను కొట్టనవ్వా."

"కొట్టకుంటె సదువెట్లొస్తది? మా పెద్దోన్ని గట్లనే ఎవ్వరు కొట్టలే. సూడు, ఆటో నడుపుతుండు."

ఆ రోజు జంగమ్మకుంట ఈశాన్యం మూల నుంచి సువర్చల పెద్ద కట్ట తెచ్చి పడేసి, మళ్లీ పడవ తోసుకుంటూ వెళ్లింది. సన్నటి కాడలు, లేత ఆకుపచ్చ రంగు. అందులోంచి ఒకటి తీసి బుచ్చవ్వకు ఇచ్చాను.

"గొడ్డు రెల్లు" అంది చూడకుండానే. "కంకి ఎయ్యదు, పూత రాదు. వేరుతోనే పాకుతది. తడకలకు దీన్ని మించింది లేదు."

నా కలం ఆగింది.

మాకు పిల్లలు లేరు. పెళ్లయిన తొమ్మిదో ఏట మా చెల్లెలి కూతురి బారసాలలో సువర్చల పాపను ఎత్తుకుని ఉయ్యాల దగ్గరికి వెళ్లింది. ఒక పెద్దావిడ వచ్చి, నవ్వుతూనే, ఆమె చేతుల్లోంచి పాపను తీసుకుంది. ఆవిడ ఏమీ అనలేదు. పక్కన ఉన్న మరొకావిడ అంది, ఒక్క మాట. సువర్చల విన్నది. నేనూ విన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అంతే. తర్వాత మేము ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

నేను మాత్రం ఆ మాటను మా ఇంట్లోంచి తీసేశాను. గొడ్డుచాకిరీని చాకిరీ అన్నాను. గొడ్డుకారాన్ని ఉత్తకారం అన్నాను. పశువు అనే అర్థంలో వచ్చే గొడ్డు వేరని తెలుసు. పిల్లలకు ఆ తేడా చెప్పి మార్కులు వేసేవాణ్ణి నేనే. కానీ చెవికి అర్థాలతో పని లేదు. గొడ్డలిని పరశువు అంటే మరీ పౌరాణిక నాటకంలా ఉంటుందని వదిలేశాను. సువర్చల వంటింట్లోంచి "గొడ్డుకారం డబ్బా ఇటివ్వండి" అని మామూలుగానే అనేది. ఎంత ధైర్యం, అనుకునేవాణ్ణి.

ఆ రోజు గట్టు మీద ఆలోచించాను. ఈ పేరు చీటీ మీద రాస్తే రాత్రికి సువర్చల ఈ కట్టలన్నీ విప్పుతుంది. పది సార్లు, ఇరవై సార్లు, నా దస్తూరిలో ఆ మాట చదువుతుంది. పూత రానిది కదా. పూతకు రాని మొక్కను ఇంకేమంటారు? లేతది అంటారు. అబద్ధం కాదనిపించింది.

'లేత రెల్లు' అని రాశాను. ఆ తర్వాత మిగతా చెరువుల్లో చాలావాటిలోనూ అదే రెల్లు వచ్చింది. కొన్నాళ్లకు బుచ్చవ్వ దాని పేరు చెప్పడం మానేసి, "గదే, మొన్నటిదే" అనేది. అప్పటికి నాకూ చూడగానే తెలిసిపోయేది. అదే మాట మళ్లీ మళ్లీ రాశాను.

మూడో ఏడు చివర ఒక సాయంత్రం సువర్చల నన్ను ప్రయోగశాలకు రమ్మంది. మనిషి ఎత్తున్న గాజు తొట్టి చూపించింది. అడుగున జానెడు నల్ల బురద, పైన నీళ్లు, మధ్యలో నాలుగు రెల్లు కాడలు. తొట్టి మీది మూత తీయగానే ముక్కు మూసుకున్నాను.

"కుళ్లిన గుడ్ల వాసన కదూ? చెరువు అడుగుకు గాలి అందదు. గాలి అందని చోట బురద కుళ్లి ఈ వాయువు పుడుతుంది. మన చెరువులన్నిటికీ ఇదే జబ్బు. ఇప్పుడు చూడండి."

ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి తబస్సుమ్ చిన్న సీసాలోంచి నాలుగు చుక్కలు నీళ్లలో వేసింది. తబస్సుమ్‌ది పాతబస్తీ. సువర్చల కంటే ఇరవై ఏళ్లు చిన్న. ఆమె పక్కనే కూర్చుని, ఆమె మరిచిపోయిన కళ్లద్దాలు, ఫోను, అన్నం డబ్బా గుర్తుచేస్తూ ఉండేది.

"టీ తాగేలోపు అయిపోతది సార్" అని నాకు గ్లాసు ఇచ్చింది.

టీ సగం తాగేసరికి బురదలో రెల్లు వేళ్ల చుట్టూ ఆవగింజంత బుడగలు మొలిచాయి. ముందు పదో పదిహేనో, తర్వాత లెక్కపెట్టలేనన్ని. వేళ్ల చుట్టూ నల్ల బురద మెల్లగా ఇటుకరంగులోకి తిరిగింది.

"రెల్లు కాడ బోలుగా ఉంటుంది. పైనుంచి గాలిని వేళ్లకు దింపుతుంది. ఎప్పుడూ చేసే పనే, కాస్త కాస్త. దానికి పదింతలు దింపే శక్తి వాటి జన్యువుల్లోనే నిద్రపోతోంది. ఈ మందు దాన్ని లేపుతుంది, అంతే" అంది సువర్చల. "బుచ్చవ్వకు చెబితే ఊపిరి మందు అని పేరు పెట్టింది. మేమూ అదే అంటున్నాం."

"ఏ రెల్లుకైనా ఇంతేనా?"

"కాదు. ఒక్కో రకానికి ఒక్కో పాళ్లు. పదిహేడు రకాలు తేలాయి, పదిహేడింటికీ లెక్క కట్టాం."

"లేతవి తీసేశాకే మేడమ్ లెక్క శుభ్రంగా వచ్చింది" అంది తబస్సుమ్.

"లేతవి ఏమిటి?"

"పిల్లమొక్కలు. పుస్తకంలో లేత రెల్లు అని ఉన్నయి కదా. ఎదగని మొక్కల కొలతలు కలిపితే మొత్తం ఖరాబైతది. అందుకే అసలు పరీక్షకే పంపలేదు. రెండు వందల పద్నాలుగు కట్టలు."

సువర్చల కళ్లద్దాలు పైకి తోసుకుంది. "అన్ని పిల్లమొక్కలా? అంత లేతవి నేను కోసినట్టు గుర్తు లేదే."

"సార్ రాసిందే మేడమ్."

సువర్చల నా వైపు తిరిగి నవ్వింది. "అయితే సరే. మా ఆయన అరసున్న కూడా అనవసరంగా పెట్టరు."

నా చేతిలో ఇంకా సగం టీ ఉంది. అవి పిల్లమొక్కలు కావు, వేరే రకం అని చెప్పాలి. చెబితే, మరి ఆ రకం పేరేమిటని అడుగుతారు. సువర్చల ముఖం చూస్తూ, ఆ అమ్మాయి ముందు, ఆ మాట అనాలి. ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకున్నాను. ఇంటికెళ్లాక, పదిహేడు రకాలకు పద్దెనిమిదోది ఒకటి తగ్గితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ టీ పూర్తిగా తాగాను. చల్లారిపోయింది.

మొదటి ప్రయోగానికి జంగమ్మకుంటను ఎంచుకున్నారు. మాఘమాసం చివర, గాలి లేని రోజు. పొద్దున ఆరున్నరకు సువర్చల రబ్బరు బూట్లు ఒక సంచిలో వేసుకుని గుమ్మం దిగింది.

"మధ్యాహ్నానికి బురద రంగు మారితే ఫోన్ చేస్తాను" అంది. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి, "మారకపోయినా చేస్తాను లెండి" అంది.

పదో తరగతికి సమాసాలు చెబుతుండగా ప్రధానోపాధ్యాయుడు స్వయంగా మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ పైకి రాడు. ఎవరినైనా పంపుతాడు. అందుకే ఆయన నోరు తెరవక ముందే సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

ఏం జరిగిందో తబస్సుమ్ ఆసుపత్రిలో చెప్పింది, మంచం మీద పడుకుని, ఆక్సిజన్ గొట్టం పక్కకు లాగి లాగి. మందు చల్లిన గంటకు మూడు వైపులా రెల్లు అనుకున్నట్టే పనిచేసింది. అంచుల్లో నీళ్లు నురగలు కట్టాయి. ఇద్దరూ అరుచుకుంటూ సంబరపడ్డారు. ఎండ పొడిచాక ఈశాన్యం మూల నుంచి వాసన మొదలైంది. చూసి వస్తానని సువర్చల పడవలో అటు వెళ్లింది. పడవకు కట్టిన తాడు గట్టు మీద తబస్సుమ్ చేతిలో ఉంది.

పిల్లమొక్కలే అనుకుని పక్క రకానికి కట్టిన పాళ్లే అక్కడా చల్లారు; ఆ మూల రెల్లు గాలిని కిందికి దింపలేదు. మందు దానిలో తిరగబడింది. అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న విషవాయువును వేళ్లతో పీల్చి, కాడల కొసల నుంచి పైకి వదిలింది. వేలవేల కాడలు. గాలి లేదు కాబట్టి ఆ వాయువు నీళ్ల మీదే దుప్పటిలా పరుచుకుంది.

"వాసన చాలా ఎక్కువగా ఉంది, వెనక్కి లాగమంటే లాగు అని చెప్పారు సార్. కొంచెం సేపటికి, తగ్గింది తబస్సుమ్, వాసన పోయింది, అని నవ్వుతూ అరిచారు. సరే అనుకున్నాను."

ఆ వాయువు మోతాదు మించితే మొదట ముక్కునే చంపుతుంది. వాసన తెలియకపోతే పోయిందనుకుంటాం. ఆ సంగతి సువర్చలకు తెలుసు. ఆ ఒక్క క్షణం ఆమె తన మందును నమ్మింది.

తాడు లాగుతూ, తడిపిన చున్నీ ముఖానికి కట్టుకుని తబస్సుమ్ నడుము లోతు నీళ్లలోకి దిగింది. పడవను గట్టుకు చేర్చింది. అప్పటికే ఆలస్యమైంది. పడవ చుట్టూ నీళ్ల మీద కొంగలు తెల్లగా పడి ఉన్నాయట. తబస్సుమ్ బతికింది. వాసన గుర్తించే శక్తి పోయింది. తిరిగి రాదన్నారు.

విచారణకు ఒక సంఘాన్ని వేశారు. నెల రోజుల తర్వాత వాళ్ల నివేదిక ముసాయిదా నాకూ ఒక ప్రతి పంపారు. అందులో సువర్చల గురించి ఒకే వాక్యం ఉంది: 'ప్రయోగకర్త ఉత్సాహం కొద్దీ ఈశాన్య భాగంలో నిర్ణీత మోతాదును మించి ద్రవం చల్లినట్లు భావించడమైనది.' దాని కింద ఇంకో వాక్యం: సరైన మోతాదుతో మరో పదకొండు చెరువుల్లో తొలకరికి ముందే మందు చల్లవచ్చు.

ఆ పదకొండు చెరువుల పేర్లూ చదివాను. అన్నిటి గట్ల మీదా నేను కూర్చున్నవాణ్ణే. రెండింటి చుట్టూ అపార్ట్‌మెంట్లు. ఒకదాని గట్టును ఆనుకుని బడి ఉంది.

ఆ సాయంత్రమే తబస్సుమ్ మా ఇంటికి వచ్చింది. చీటీల పుస్తకం ఆమె సంచిలో ఉంది. టీ ఇచ్చాను. అలవాటు కొద్దీ గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకుని, మళ్లీ దించింది.

"మేడమ్ మోతాదు మించి చల్లలేదు సార్. సీసా నింపి ఇచ్చింది నేను. మిగిలింది కొలిచింది నేను. వాళ్లు నమ్మడం లేదు."

"నేను నమ్ముతాను."

"మీరు నమ్మితే చాలదు కదా సార్." పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. "ఇది చూడండి. జంగమ్మకుంట ఈశాన్యం మూల. మొదటి ఏడు, లేత రెల్లు. రెండో ఏడు, లేత రెల్లు. మూడో ఏడు కూడా లేతే. సార్, ఈ మొక్కలు ఎప్పుడు ఎదుగుతయి?"

ఆమె నన్ను అనుమానించి అడగలేదు. తెలియక అడిగింది. నా దస్తూరి గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది.

"అవి పిల్లమొక్కలు కావమ్మా. వేరే రకం. బుచ్చవ్వ దానికి వేరే పేరు చెప్పింది. నేను మార్చి రాశాను."

"ఏం పేరు?"

చెప్పాను. పదహారేళ్ల తర్వాత ఆ మాట నా నోటి నుంచి వచ్చింది.

"అంటే ఏంటి సార్?"

నిజంగానే ఆమెకు తెలియదు. ఇంట్లో ఉర్దూ. బడిలో నేర్చుకున్న తెలుగు, ప్రయోగశాలలో నేర్చుకున్న తెలుగు. ఇరవై ఎనిమిదేళ్లుగా పదాలకు అర్థాలు చెబుతున్నాను. ఆ రోజు ఒక పదానికి అర్థం చెప్పడానికి చాలాసేపు పట్టింది. కాయ కాయని చెట్టును అంటారు, ఈనని ఆవును అంటారు, అన్నాను. ఆమె ఇంకా చూస్తోంది. పిల్లలు కలగని ఆడవాళ్లను కూడా అంటారు, అన్నాను.

"బాంఝ్" అంది మెల్లగా. పుస్తకం వైపు చూసింది. గోడ మీద సువర్చల ఫోటో వైపు చూసింది. తర్వాత నా వైపు.

"ఇంతేనా సార్?"

పుస్తకం మూశాను. తబస్సుమ్ లేచి చున్నీతో ముఖం తుడుచుకుంది.

"రాసివ్వండి సార్. ఇప్పుడే. పదకొండు చెరువులున్నయి."

ఒక పేజీ రాశాను. మర్నాడు సంఘం ముందు ఇచ్చాను. అధ్యక్షుడు పెద్దాయన, మర్యాదస్తుడు. రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"మాస్టారూ, మీరు ఇప్పటికే చాలా పోగొట్టుకున్నారు. ఇంత వివరంగా ఎందుకు? చీటీల్లో అక్షరదోషం దొర్లింది అని మేమే రాసేస్తాం. మీ పేరు అక్కర్లేదు."

"అక్షరదోషం కాదండీ. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా పేరు ఉంచండి. ఆమె మీద రాసిన వాక్యం తీసేయండి."

ఆయన కలం తీశాడు. ఆ వాక్యం కొట్టేశాడు. పదకొండు చెరువుల్లో ఆ రెల్లు ఎక్కడెక్కడ ఉందో గుర్తించేదాకా మందు చల్లడం ఆపాలని కింద రాసి సంతకం పెట్టాడు. ఇరవై రోజులు గడువు.

ప్రయోగశాలలో పారేయకుండా అటక మీద పెట్టిన ఆ రెండు వందల పద్నాలుగు కట్టల్నీ తబస్సుమ్ దించింది. వారం తర్వాత ఫోన్ చేసింది.

"సార్, ఇవి రెండు వందల పద్నాలుగు మొక్కలు కావు. ఒక్కటే మొక్క."

నాకు అర్థం కాలేదు.

"ఏ చెరువులోంచి తెచ్చింది చూసినా జన్యువుల్లో వెంట్రుకవాసి తేడా లేదు. దీనికి గింజ పట్టదు. క్రోమోజోములు బేసి, జత కుదరవు. అందుకే పూత లేదు. వేరు తెగి కొట్టుకుపోయి ఇంకోచోట నాటుకుంటది. నగరం లేనప్పుడు ఇవన్నీ గొలుసుకట్టు చెరువులు కదా, ఒకటి అలుగు పారితే రెండోదానిలోకి నీళ్లు. అట్లా పాకింది. వందేళ్లో, మూడు వందల ఏళ్లో. ఇది దొరికిన చెరువులన్నిట్లో ఉన్నది ఆ ఒక్కటే."

ఈ మాట వినాల్సిన మనిషి వినకుండా పోయింది. వింటే ఆ రాత్రి అన్నం తినేది కాదు. కాగితాలు పరుచుకుని కూర్చునేది.

బడికి సెలవు పెట్టి, బుచ్చవ్వను వెంటబెట్టుకుని చెరువులు తిరిగాను. ఆమె గట్టు దిగి, కాడ తడిమి చెప్పేది. నేను చీటీ రాసి కర్రకు కట్టి అక్కడ పాతేవాణ్ణి. మొదటి చెరువులో మొదటి చీటీ రాయడానికి రెండు కాగితాలు పాడుచేశాను. తర్వాత చెయ్యి అలవాటు పడింది. పది చెరువుల్లో ఎనిమిదింట్లో ఆ రెల్లు దొరికింది. ఆ ఎనిమిదింటికీ ఇచ్చిన అనుమతి రద్దయింది.

పదకొండోది బడి పక్కన ఉన్న చెరువు. పొద్దున పదిన్నర అయింది. గోడ అవతల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. బుచ్చవ్వ గట్టు మీద కూర్చుని తమలపాకు నమిలింది.

"సారూ, ఒకటడుగుత, ఏమనుకోవద్దు. నేనేమో ఒక పేరు చెప్తి. నువ్వేమో ఇంకో పేరు రాస్తివి. గింత సదువుకున్నోనివి. గంత చిన్న మాటకు ఏం భయమైంది నీకు?"

"ఆమె చదివితే బాధపడుతుందని."

"ఎవలు? మీ ఇంటామెనా?"

తలూపాను. బుచ్చవ్వ ఆకు నమలడం ఆపింది.

"పిచ్చి సారూ" అంది. "ఆయమ్మ ఒకనాడు పడవ దిగొచ్చి నా దగ్గర సద్ది తిన్నది. పిల్లలెంతమంది బిడ్డా అని నేనే అడిగిన. నేను గొడ్రాలినవ్వా అన్నది. నవ్వుకుంటనే అన్నది. అంటె ఏమైతది, నా రెల్లు నాకున్నది, అన్నది. నాకే సిగ్గయింది ఎందుకడిగిన్నా అని."

నేను కలం మూత పెట్టాను. మళ్లీ తీశాను.

"ఇగ లేసి పోతపోత, ఎనక్కొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. అవ్వా, మా ఆయన ముంగట మాత్రం గా మాట అనకు, ఆయన తట్టుకోలేడు, నాకంటె ఆయనకే ఎక్కువ గుచ్చుకున్నది, అన్నది. నేను ఒట్టేసిన. గా దినం నుంచి గా రెల్లు పేరు మల్ల నోట్లకెల్లి తియ్యలే. నీ ముంగటా తియ్యలే, ఆమె ముంగటా తియ్యలే. నువ్వు మొదట్నే రాసుకున్నవ్ గదా అనుకున్న."

గోడ అవతల ఎక్కాలు ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి. బుచ్చవ్వ నా ముఖం చూసి లేచింది. చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది. పడమటి అంచున రెల్లు పాయలు తీసుకుంటూ వెళ్లి, ఒక కాడ కోసి, వంచి, కణుపు గోటితో గీసి చూసింది. తిరిగొచ్చి నా చేతిలో పెట్టింది. సన్నటి కాడ. లేత ఆకుపచ్చ. కంకి లేదు.

"రాయి సారూ."

చీటీ మోకాలి మీద పెట్టుకుని రాశాను. కర్రకు కట్టబోతుంటే బుచ్చవ్వ తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"మొన్నటిదాక నువ్వు రాసింది నేను నమ్మిన. నాకు సదువు రాదు గదా. గిప్పుడు సదివి చెప్పు. ఏం రాసినవ్?"

అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఒకసారి చూసుకున్నాను.

"గొడ్డు రెల్లు" అని పైకి చదివాను.

"ఇనబడలే. గట్టిగ సదువు."

మళ్లీ చదివాను.